ప్రమాదము - పరిహారము

ప్రమాదమను మాటకు సంస్కృతమున మొదటి యర్థము ఏమరుపాటు. పడవలసినంత జాగ్రత్త పడకపోవుటయే ప్రమాదము. ఆ మాట తెలుగునకు వచ్చి, వాడుకలో నలిగి నలిగి, ఏమరినవానిని విడిచిపెట్టి, జరిగిన కీడునకు మాత్రము పేరై నిలిచినది. నేడు మనము "ప్రమాదము జరిగినది" అందుము గాని, ఎవడు ఏమరెనని యడుగము. పిడుగు పడినట్లును, వరద వచ్చినట్లును, ప్రమాదము కూడ దానంతట నదియే వచ్చి మీద పడునని మనవారి భావము. ఒక మాట యర్థము మాఱుటచేత ఎన్ని సంసారములు చితికిపోయినవో యోచించిన యెడల, నిఘంటువులోని మార్పు నిఘంటువులోనే యుండిపోదని చదువరులకు బోధపడగలదు.

తిరుపతి వైపునుండి పుత్తూరు, నగరి మీదుగా చెన్నపట్టణమునకు బోవు పెద్దబాట మా వడమాలపేటను దాటి పోవుచున్నది. పూర్వము 205వ సంఖ్య గల ఈ జాతీయ రహదారికి నేడు 716వ సంఖ్య. దీనిపై రేయింబవళ్లు సరకులారీలును, కొండకు వచ్చు యాత్రికుల బస్సులును, కార్లును నడచుచునే యుండును. పెరటాసి నెలలో పసుపుబట్టలు కట్టుకొని గోవిందనామము పలుకుచు కాలినడకను వచ్చు తమిళభక్తులు ఈ బాట యంచుననే నడతురు. మామిడికాయల కాలమున ట్రాక్టరులు, తెల్లవారకమునుపే పాలక్యానులు కట్టుకొని పోవు మోటారుసైకిళ్లు, బడికి బోవు పిల్లలు, అందఱకు నిదియే దారి. ఇట్టి దారిమీద ఒక లారీ ఒక మనుష్యుని గొట్టి పడవేసినప్పుడు మన ఊళ్లలో జరుగు తంతు చూడదగినది. మొదటి గంట యంతయు కోపము. రాళ్లు, కేకలు, రాస్తారోకో. రెండవనాటికి కోపము చల్లారి ఖర్మసిద్ధాంతము ప్రవేశించును. మూడవనాటికి లారీ యజమాని పక్షమున మంచిమాటలవాడొకడు వచ్చును. ఊరి పెద్దమనుష్యులు నలుగురు కూర్చుందురు. "పోయినది తిరిగి రాదు గదా, కోర్టులచుట్టు తిరుగుట యెవరివల్ల నగును" అని హితవు చెప్పుదురు. ఒక కాగితముమీద వ్రేలిముద్ర పడును. ఏ యిరువదివేలో ముప్పదివేలో చేతిలో బెట్టుదురు. దీనికి రాజీ యని పేరు.

ఇట్టి రాజీలను కుదుర్చువారు దుర్మార్గులని మేము చెప్పబోము. అనేకులు నిజముగా మేలు చేయుచున్నామనియే నమ్ముచున్నారు. మా యాక్షేపణ యేమనగా, ఈ నలుగురిలో నిద్దఱైనను చదువుకొన్నవారై యుందురు, పత్రికలు చదువుదురు, రాజ్యాంగమును గూర్చి సభలలో ముచ్చటింతురు. అట్టివారికి నిర్లక్ష్యమనగా నేమో, బాధ్యత యనగా నేమో, అంగవైకల్యమును చట్టమెట్లు లెక్కించునో తెలియదు. తెలియదని కూడ వారికి దెలియదు. వకీలు వృత్తివారి మాటలు మనకేల యని వారి యభిప్రాయము. వంటయింటిలోని చిరుజబ్బులకు వైద్యుని పిలువక మిరియాల కషాయము కాచుకొనుటకు నేర్చిన గృహస్థుడు, తన బిడ్డ కాలు విఱిగినప్పుడు చట్టములోని పది మాటలు తెలిసికొనుట తన పని కాదనుట వింత కాదా?

ఇంకొక మాట యున్నది: పరిహారము. మా ప్రాంతమున పరిహారమనగానే జనులకు జ్ఞప్తికి వచ్చునది శ్రీకాళహస్తి. రాహుకేతుదోష పరిహారమునకై అచ్చటికి దేశదేశములనుండి వత్తురు. నమ్మువారి నమ్మకమును మేమిక్కడ చర్చింపము. గాని కాలు విఱిగిన కుఱ్ఱవాని తల్లి జాతకము పట్టుకొని పోయి గ్రహమునకు పరిహారము చెల్లించి వచ్చునే గాని, ఆ కాలు విఱుగగొట్టినవాడు తనకు చెల్లింపవలసిన పరిహారమును మాత్రమడుగదు. మాట యొక్కటియే, చెల్లించువాడును పుచ్చుకొనువాడును తాఱుమాఱైనారు.

చట్టమున నష్టపరిహారమనగా దానము కాదు, జాలి కాదు, శిక్షయు కాదు. నష్టపడినవానిని, ధనము చేయగలిగినంత మట్టునకు, నష్టమునకు పూర్వమున్న స్థితికి దెచ్చుట దాని యుద్దేశము. అది యెవని జేబునుండి రావలెనన్న ప్రశ్నకు చట్టము చెప్పు సమాధానమే బాధ్యత. బాధ్యతకు మూలము నిర్లక్ష్యము. ఈ మాటవద్దనే మనవారు మొట్టమొదట తడబడుచున్నారు. లోకవ్యవహారమున నిర్లక్ష్యమనగా లెక్కలేనితనము, అలక్ష్యభావము. అందుచేతనే "డ్రైవరు పాపము కావలెనని చేయలేదు, కన్నీరు పెట్టుకొన్నాడు, వానిదేమి నిర్లక్ష్యము" అందురు. చట్టము డ్రైవరు మనస్సులోనికి దొంగిచూడదు. అది యడుగునవి మూడే: దారిలో నున్న యితరుల విషయమై వానికి జాగ్రత్తపడవలసిన విధి యున్నదా? బుద్ధి గల మనుష్యుడు పడునంతటి జాగ్రత్త వాడు పడెనా? పడకపోవుటచేతనే యీ దెబ్బ తగిలెనా? మూడింటికిని సమాధానము దొరకినచో, వాడు మంచివాడో చెడ్డవాడో యను విచారణ యక్కఱలేదు. కన్నీరు పెట్టుకొన్న డ్రైవరుమీద మనకు కోపముండనక్కఱలేదు. అతని లారీకి కట్టిన బీమా మాత్రము చెల్లింపవలసినదే.

ఇందులోనే మఱియొక పెద్ద చిక్కు దాగియున్నది. ఒకే దెబ్బనుండి రెండు వ్యవహారములు పుట్టును. ఒకటి క్రిమినలు కేసు: అది ప్రభుత్వము డ్రైవరుమీద నడపునది, దాని ఫలము శిక్ష. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహితయందు, నిర్లక్ష్యముచేత మరణము గలిగించుటకు 106వ సెక్షను వర్తించును. రెండవది పరిహారపు దరఖాస్తు: అది గాయపడినవాడో, చనిపోయినవాని వారసులో మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలులో వేయునది, దాని ఫలము ధనము. మొదటిదానిలో నేరము సందేహమునకు తావులేకుండ ఋజువు కావలెను. రెండవదానిలో ఏది యెక్కువ సంభవమో దానివైపు మొగ్గిన జాలును. కాబట్టి "డ్రైవరుమీది కేసు కొట్టివేసినారు, ఇక మనకేమి వచ్చును" అని నిరాశచేసికొని యింట కూర్చుండువారు వట్టి యజ్ఞానమువలన నష్టపడుచున్నారు. హైటెన్షను తీగ తగిలి బస్సులోని ప్రయాణికులు మరణించిన యొక కేసులో, డ్రైవరు క్రిమినలు కోర్టులో విడుదలయైనను, పరిహార మియ్యవలసినదే యని సర్వోన్నత న్యాయస్థానము 1980లో తీర్పు చెప్పినది. ఆ తీర్పు వచ్చి నాలుగు దశాబ్దములు దాటినది. మా రచ్చబండమీదికి మాత్ర మింకను రాలేదు.

మరణము సంభవించిన కేసులో నేరము పెద్దమనుష్యుల రాజీకి లొంగునది కాదని కూడ వారెఱుగరు. వారు చేయగలిగినదెల్ల రెండవ వ్యవహారమును, అనగా ఆ కుటుంబమునకు రావలసిన ధనమును, తక్కువ వెలకు అమ్మివేయుట. డ్రైవరు కేసు ఎట్లును నడచును. విధవకు రావలసినది మాత్రము పోవును.

ఇక గాయమను మాట. చట్టమున గాయములు రెండు విధములు: సామాన్యము, తీవ్రము. రక్తమెక్కువ కారినది తీవ్రమని మనవారి లెక్క. చట్టపు లెక్క వేఱు. తల పగిలి నాలుగు కుట్లు పడినను అది సామాన్యము కావచ్చును. పైకి చుక్క నెత్తురు లేకున్నను, ఎముక విఱిగినను, కీలు తొలగినను, పన్ను విఱిగినను అది తీవ్రమే. పదునైదు దినములు తన పని తాను చేసికొనలేకపోయినను తీవ్రమే. ఈ గడువు పాత శిక్షాస్మృతిలో ఇరువది దినములుండెను. ఈ భేదము పోలీసులకు మాత్రమే సంబంధించినది కాదు. 2019లో సవరింపబడి 2022 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన మోటారు వాహనముల చట్టపు 164వ సెక్షను క్రింద, తప్పెవరిదను విచారణ లేకుండనే మరణమునకు 5 లక్షలును, తీవ్రగాయమునకు 2,50,000 రూపాయలును వాహన యజమానియో బీమా కంపెనీయో ఇయ్యవలసి యున్నది. కొట్టిన బండి యేదో తెలియకుండ పోయినచో మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు ప్రత్యేకనిధినుండి లభించును. దీనికై రెవిన్యూ అధికారికి దరఖాస్తు పెట్టుకొనవలెను. సామాన్యగాయమునకు ఈ రెండును లేవు. ఎముక విఱిగెనా లేదా యన్న ప్రశ్నకు రెండున్నర లక్షల వెల కలదన్నమాట.

ఎముక మాట వచ్చినది గనుక మా ప్రాంతపు సంగతి యొకటి విపులముగా చెప్పవలసి యున్నది. పుత్తూరు కట్టు దక్షిణదేశమంతట ప్రసిద్ధము. ఆకుపసరు, వెదురుబద్దలు, కోడిగ్రుడ్డు తెల్లసొన, గుడ్డపట్టీలు, వీనితో విఱిగిన యెముకను కుదుర్చు విద్య పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి పుత్తూరు చెంత వంశపరంపరగా నడచుచున్నది. ఎందఱో బీదలు దానివలన మేలుపొందినారు. మాకును దానియందు గౌరవమే. కాని దెబ్బ తగిలినవానిని తిన్నగా కట్టుకు గొనిపోవువారు ఒక్క విషయమును మఱచుచున్నారు. కట్టు ఎముకను అతుకును, సాక్ష్యమును పుట్టింపదు. ఏ దినమున, ఏ గంటకు, ఏ కారణముచేత, ఏ యెముక, ఏ స్థలమున విఱిగెనో సర్కారు ఆసుపత్రి రిజిస్టరులో ఎక్కి, ఎక్సురే తీయబడి, గాయపు సర్టిఫికెట్టు వ్రాయబడి యుండనియెడల, ఆఱు నెలలకు పిమ్మట ట్రిబ్యునలులో బీమా కంపెనీ వకీలు లేచి "ఈ కాలు మా బండిక్రింద విఱిగినదనుటకు నిదర్శనమేమి? చింతచెట్టునుండి పడియుండరాదా?" యని యడుగును. అప్పుడు చక్కగా అతికిన కాలే మనకు ప్రతికూలసాక్షి యగును. కట్టు కట్టించుకొనదలచినవారు కట్టించుకొనవచ్చును. అంతకుముందు పుత్తూరుననో తిరుపతి రుయా ఆసుపత్రియందో పేరు వ్రాయించుకొని, ఎక్సురే తీయించుకొని, ఆ కాగితములను భద్రము చేసికొనవలెను. పైగా 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము ననుసరించి, రోడ్డు ప్రమాదమున గాయపడినవానికి నిర్ణీతమైన ఆసుపత్రులలో ఏడు దినములవఱకు, 1,50,000 రూపాయలకు మించకుండ, ధనము చెల్లింపనక్కఱలేని చికిత్స కలదు. ఆసుపత్రి యనగానే ఆస్తి యమ్ముకొనవలసి వచ్చునను భయముచేత దూరముగా నుండువారికి ఈ సంగతి చెప్పు దిక్కులేదు.

అంగవైకల్యమను మాట యింతకంటె సూక్ష్మమైనది. వైద్యుడు నూటికి నలువది పాళ్లు వైకల్యమని వ్రాసినచో, పరిహారమును నలువది పాళ్లేనని కంపెనీవారు చెప్పుదురు, మనవారు నమ్ముదురు. ఇది సరికాదు. వైద్యుడు కొలుచునది శరీరమును. ట్రిబ్యునలు కొలువవలసినది ఆ శరీరముతో వాడు చేయు పనిని. 2010లో రాజకుమార్ కేసునందు సర్వోన్నత న్యాయస్థానమీ భేదమును పసిపిల్లలకు సైతము బోధపడునట్లు విడదీసినది: ఎడమచేయి పోయినవాడు వడ్రంగి గాని డ్రైవరు గాని యైనచో వాని సంపాదనశక్తి నూటికి నూఱు పాళ్లు పోయినట్లే, సర్కారు కచ్చేరిలో గుమాస్తా యైనచో అంత పోకపోవచ్చును. చేయి యొక్కటియే, నష్టము వేఱు.

దీనిని మా ప్రక్క పనికి అన్వయించి చూతము. పుత్తూరు, నగరి ప్రాంతములలో మగ్గములపై బ్రదుకు కుటుంబములు వేలకొలది. ముప్పదిరెండేండ్ల నేతపనివాడు నెలకు 12,000 రూపాయలు గడించుచున్నాడనుకొందము. వాని కుడిచేతి మణికట్టు చెడి, వైద్యుడు ముప్పది పాళ్లు వైకల్యమని వ్రాసినను, మగ్గము పనికి వాని శక్తి సగము పోయినదని ట్రిబ్యునలు నిర్ణయించినచో లెక్క యిట్లుండును. ఏడాది సంపాదన 1,44,000. అందు సగము 72,000. దీనిని గుణకముచేత హెచ్చింపవలెను. గుణకమనగా వాని వయస్సునుబట్టి కోర్టు స్థిరపఱచిన సంఖ్య. 2009లో సరళావర్మ కేసునందు దాని పట్టిక నిర్ణయింపబడినది. ఇరువదియైదేండ్లవఱకు 18, అటుపిమ్మట వయస్సుతో తగ్గుచు వచ్చి, ముప్పదియొకటి మొదలు ముప్పదియైదువఱకు 16, అఱువదియైదు దాటినవారికి 5. మన నేతపనివానికి 72,000ను 16చే హెచ్చింపగా 11,52,000 రూపాయలు. ఇది కేవలము సంపాదన నష్టము. వైద్యపు ఖర్చు, మంచముపట్టిన దినముల కూలి, పడిన బాధ, మున్ముందు పెరుగవలసియుండిన రాబడి, ఇవి వేఱుగ కలుపవలసినవి. గాయపడి బ్రదికియున్నవాని విషయమున వాని తిండి ఖర్చని మూడవ వంతు తగ్గించుటయు తగదని రాజకుమార్ కేసు తీర్పున నున్నది. ఇప్పుడు రచ్చబండమీద చేతిలో బెట్టిన ముప్పదివేలను దీనిప్రక్క నుంచి చూడుడు. గుణకమను నొక్క మాట తెలియకపోవుట వెల ఎంతయో, కూడికలు తెలిసిన ప్రతి గృహస్థుడును తానే లెక్కవేసికొనగలడు.

సంపాదన యన్నాము. ఇక్కడ మన యిండ్లలోని స్త్రీల మాట రాక తప్పదు. ఇల్లాలు లారీక్రింద పడి చనిపోయినచో నష్టమెంత? "ఆమె సంపాదించునది కాదు గదా" యని చెప్పు భర్తలు నేటికిని కలరు. అట్లు చెప్పుటవలన తమ బిడ్డలకు రావలసిన ధనమునే తాము తగ్గించుకొనుచున్నామని వారికి స్ఫురింపదు. ఈ విషయమున చట్టముకూడ చాలకాలము మన భర్తలవంటిదే. 1994లో చేర్చబడిన రెండవ షెడ్యూలులో, సంపాదన లేనివారికి ఏడాదికి 15,000 రూపాయలనియు, భార్యయైనచో భర్త రాబడిలో మూడవ వంతనియు లెక్క. వంట, నీరు, పిల్లలు, ముసలివారు, పశువులు, ఇన్నింటి చాకిరికి వెల ఆమె చేతిపనినిబట్టి కాక భర్త జీతమునుబట్టి! గొప్పవాని భార్య వండిన యన్నమునకు వెల యెక్కువ, కూలివాని భార్య వండిన యన్నమునకు వెల తక్కువ. 2001 నాటి జనాభాలెక్కలలో గృహిణులను భిక్షకులతోను, ఖైదీలతోను చేర్చి పనిచేయనివారిక్రింద వ్రాసిన సంగతిని 2010లో అరుణకుమార్ అగర్వాల్ కేసునందు సర్వోన్నత న్యాయస్థానము తీవ్రముగా గర్హించినది. 2021 జనవరిలో కీర్తి కేసునందు, మన తెలుగువారైన న్యాయమూర్తి నూతలపాటి వేంకటరమణగారు ప్రత్యేకముగా అభిప్రాయము వ్రాసి, జీతము లేని ఇంటిచాకిరికి స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించుచుండగా పురుషులు 97 నిమిషములు మాత్రమే వెచ్చించుచున్నారను 2019 నాటి సర్కారు లెక్కను ఉదాహరించి, గృహిణి పనికి రాబడి కట్టుట న్యాయమేయని స్థాపించిరి. మన సంస్కరణసభలలో స్త్రీ గౌరవమును గూర్చి ఎన్ని యుపన్యాసములైన జరుగును. ఆమె పని వెలయెంతయో కట్టి చూపుమన్నప్పుడు, మోటారు ప్రమాదపు కోర్టు మనకంటె ముందు నడచినది.

సాహచర్య నష్టమను మఱియొక మాట కలదు. భర్తను కోల్పోయిన భార్యకును, భార్యను కోల్పోయిన భర్తకును తోడు పోయినందుకై ఇచ్చునది. 2017లో దానిని 40,000గా నిర్ణయించి, మూడేండ్ల కొకసారి పదవ వంతు పెంచుమనిరి. 2018లో తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డలకును, బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులకును అది వర్తించునని చెప్పిరి. విధవ మరల వివాహము చేసికొన్నచో పరిహారము పోవునా? పోవునని అత్తవారును, ఊరివారును గట్టిగా చెప్పుదురు. చెప్పి ఆ సొమ్మును మఱిది పేర వేయింతురు. పునర్వివాహము పరిహారమునకు అడ్డు కారాదని 2023లో బొంబాయి ఉన్నత న్యాయస్థానము చెప్పినది. ఆశ్చర్యమేమనగా, నిర్లక్ష్యముచేత చనిపోయినవాని భార్యకు పరిహారపు హక్కునిచ్చిన మొదటి చట్టము 1855లో వచ్చినది. మఱుసటి యేట వచ్చిన వితంతు పునర్వివాహ చట్టము, మరల పెండ్లాడిన స్త్రీకి మొదటి భర్త యాస్తిలో హక్కు లేకుండ జేసినది. ఆ రెండవ చట్టపు నీడలోనే మన ఊళ్లు నేటికిని నడచుచున్నవి.

ఎక్స్‌గ్రేషియా యను మాటను గూర్చి వ్రాయక విడువరాదు, ఏలనన తెలుగుదేశమున ఈ యాంగ్ల లాటిను మాటకు వచ్చినంత ప్రచారము నష్టపరిహారమను మన మాటకు రాలేదు. దాని యర్థము దయాపూర్వకముగా నిచ్చునది. అడుగుటకు హక్కు లేనిది, ఇయ్యకున్నను తప్పు లేనిది. 2017 ఏప్రిల్ 21న మాకు దూరము కాని ఏర్పేడులో, ఇసుక దందాపై మొఱపెట్టుకొనుటకు వచ్చి పోలీసుస్టేషను ముందర నిలిచిన మునగలపాళెపు రైతులమీదికి లారీ దూసుకొనివచ్చి అనేకులను బలిగొన్నది. 2020 మే 7న విశాఖపట్టణమున ఎల్జీ పాలిమర్సు కర్మాగారమునుండి విషవాయువు వెడలి ప్రాణములు తీసినప్పుడు, ప్రభుత్వము మృతుల కుటుంబములకు కోటి రూపాయల చొప్పున ఎక్స్‌గ్రేషియా ప్రకటించినది. మఱునాడు జాతీయ హరిత ట్రిబ్యునలు ఆ కంపెనీని 50 కోట్లు డిపాజిటు చేయుమన్నది. ఈ రెండింటి భేదమును చదువరులు గమనింపవలెను. మొదటిది ప్రజలు కట్టిన పన్నులనుండి ప్రభుత్వము చూపిన దయ. రెండవది కీడు చేసినవాని తలమీద బడిన బాధ్యత. పత్రికలు రెండింటికిని పరిహారమనియే శీర్షిక పెట్టును. ఎక్స్‌గ్రేషియా చెక్కు పుచ్చుకొని ఫొటో తీయించుకొన్న కుటుంబము, తనకు రావలసినదంతయు వచ్చినదనుకొని ఊరకుండును. దయ పుచ్చుకొన్నంత మాత్రమున లారీ బీమాపై హక్కు పోదని వారికెవరు చెప్పవలెను?

హక్కును పోగొట్టు కాగితములు వేఱే యున్నవి. పైన చెప్పిన 164వ సెక్షను క్రింద, చట్టపు పద్ధతి ననుసరించి ఆ రెండున్నర లక్షలను అంగీకరించి పుచ్చుకొన్నచో, 166వ సెక్షను క్రింద ట్రిబ్యునలులో వేసిన దరఖాస్తు రద్దగును. మన నేతపనివాని పదునొకండు లక్షలను జ్ఞప్తికి దెచ్చుకొన్నచో ఈ చిన్న నిబంధన బరువు తెలియును. చిన్న దెబ్బలకు 164 మేలు. బ్రదుకుతెరువు పోగొట్టిన దెబ్బలకు 166 మేలు. ఏది పుచ్చుకొనవలెనో సంతకమునకు ముందు యోచింపవలెను గాని తరువాత గాదు. లోక్ అదాలతు రాజీయు నిట్టిదే: త్వరగా తేలును, ఖర్చు లేదు, మంచిదే, గాని దానిమీద అప్పీలు లేదు.

థర్డ్ పార్టీ యనగా ఎవడో దారినబోవు మూడవవాడని మనవారు నవ్వుదురు. ఆ మూడవవాడు మనమే. బండి యజమాని మొదటివాడు, బీమా కంపెనీ రెండవవాడు, బండిక్రింద పడినవాడు మూడవవాడు. ఆ మూడవవానికొఱకే ఆ బీమాను చట్టము నిర్బంధము చేసినది. లారీ తమిళనాటిదైనచో చెన్నపట్టణమునకు పోవలసివచ్చునని భయపడి మానుకొనువారు మా బాట పొడవునను కలరు. అక్కఱలేదు. దెబ్బ తగిలినచోటనైనను, గాయపడినవాడు కాపురమున్నచోటనైనను దరఖాస్తు వేయవచ్చును. ఆఱు నెలలలోగా వేయవలెనని 2022 నుండి చట్టమున నున్నది. ఆ నిబంధన చెల్లునా చెల్లదా యని సర్వోన్నత న్యాయస్థానమున వివాదము వచ్చినది గాని, వివాదమును నమ్ముకొని గడువు దాటనిచ్చుట వివేకము గాదు.

గాయపడినవాని వంతు తప్పును గూర్చి కొంత చెప్పవలెను, ఏలనన బెదరించుటకు దీనినే యెక్కువగా వాడుదురు. "నీ కొడుకు ముగ్గురిని ఎక్కించుకొని పోయినాడు, నీకేమియు రాదు" అందురు. తన దెబ్బకు తానును కొంత కారణమైనచో ఆ వంతు మాత్రమే తగ్గును, అంతయు పోదు. ముగ్గురెక్కిరన్నంత మాత్రముననే తగ్గదనియు, ఆ ముగ్గురెక్కుటచేతనే ప్రమాదము జరిగినట్లు తేలవలెననియు 2020లో మహమ్మద్ సిద్దీఖ్ కేసునందు చెప్పబడినది. వెనుక కూర్చున్నవాని తప్పేమియు లేక, రెండు బండ్లవారి తప్పుచేత దెబ్బ తగిలినచో, ఎవరి వంతు ఎంతయో తేల్చుకొనువఱకు వాడు వేచియుండ నక్కఱలేదు; ఇద్దఱిలో ఎవరినుండి యైనను మొత్తమును రాబట్టుకొనవచ్చును. ఈ సంగతులకు మన పండితులు అంశదాయకమనియు, సంయుక్తమనియు సమాసములు కట్టి పెట్టుదురు. ఆంగ్లమే నయమనిపించు తెలుగు తెలుగునకు మేలు చేయదు. రాజీ, దావా, జామీను, వాయిదా, వకాలతు, ఈ పరభాషాపదములు మన పల్లెలలో చదువురాని ముసలమ్మకు సైతము తెలియును. కోర్టు గుమ్మమునుండి అవి నడచివచ్చినవి గనుక తెలియును. గుణకమును, బాధ్యతయు నట్లే నడచిరావలెనన్నచో, వానిని చదువుకొన్నవారు ఇంటింట పలుకవలెను.

స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, వికలాంగులకును, రాబడి యెంతయైనను చూడక ఉచితముగా వకీలు నిచ్చుటకు 1987 నాటి న్యాయసేవల చట్టమున ఏర్పాటు కలదు. తప్పు జరిగిన మూడు నెలలలోగా పోలీసులే ప్రమాదపు నివేదికను ట్రిబ్యునలునకు పంపవలెను. ఫిర్యాదిచ్చినవానికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగా నియ్యవలెను. ఇవి యన్నియు ఉన్నవి. లేనిది, మూడవనాడు రచ్చబండవద్ద మంచిమాటలవాడు కాగితము చాపినప్పుడు "ఇది దేనిక్రింద నిచ్చుచున్నావు? ఎక్సురే ఎక్కడ? ఇతని పనికి ఎంత నష్టమని లెక్కకట్టినావు?" అని యడుగు నొక్క మనుష్యుడు. ఆ యడుగువాడు వకీలే కానక్కఱలేదు. పత్రిక చదువు ఇల్లాలైన జాలును. పెద్దమనుష్యులు నలుగురు కూర్చున్న చోటికి ఆమెను రానిత్తురా యన్నది మాత్రము ఆ నలుగురే తేల్చుకొనవలసిన సంగతి.